పత్తి లోపలికి, పొయ్యి బయటికి

పత్తి ధర మీద మాట ఎక్కడ మొదలైనా చివరికి ఒక్క చోటికే చేరుతుంది. పెళ్ళి బంతిలో కూర్చున్నవాళ్ళు అంటారు, బస్సులో పక్క సీటువాళ్ళు అంటారు, టీవీలో కోటు తొడుక్కుని కూర్చున్నాయన కూడా అంటాడు: "రైతులు ఆశకు పోయారు." ఆ మాట విన్నప్పుడల్లా నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఆ ఆశ ఎక్కడ పుట్టిందో, ఎన్ని సముద్రాలు దాటి మా ఇంటి గడప తొక్కిందో నాకు తెలుసు. అది లోపలికి వచ్చిన రోజే మా పొయ్యి బయటికి పోయింది. పొయ్యితోపాటు ఇంకేం పోయిందో ఆ టీవీ ఆయనకు తెలియదు. అందుకే చెప్తున్నాను.

మాది రఘునాథపల్లి దగ్గర ఊరు. నేను పుట్టింది కురవి పక్కన. పెళ్ళయి వచ్చేనాటికి నాకు అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చు, అంతే. మిగతాది మా అత్త నేర్పింది. అన్నిటికంటే ముందు పొయ్యి నేర్పింది. వంటింట్లో పొయ్యికి సరిగ్గా పైన ఒక దూలం ఉండేది. దానికి పచ్చజొన్న కంకుల కట్టలు తలకిందులుగా వేలాడేవి. అవి విత్తనాల కంకులు. కోతకు ముందే అత్త చేలోకి పోయి, ఒక్కో కంకిని అరచేతిలో పెట్టుకుని చూసి, నిండుగా ఒత్తుగా ఉన్నవాటిని వేరుగా కోసుకొచ్చేది. పొద్దున అంబలి కాచినప్పుడు, సాయంత్రం కూర వండినప్పుడు లేచే పొగ వాటికి తగులుతూ ఉండాలి. పొగ పట్టిన గింజను పురుగు ముట్టదు. మళ్ళీ తొలకరి పడేదాకా వాటికి అదే ఇల్లు.

ఆ విత్తనం మా అత్తకు ఆమె అత్త చేతిలో పెట్టింది. అంతకుముందు సంగతి ఎవరికీ తెలియదు. దాన్ని అమ్మడం అనేది మా ఇంట్లో లేదు. అడిగినవాళ్ళకు దోసెడు ఇచ్చేది. పంట వచ్చాక వాళ్ళు ఆ దోసెడు మీద ఒక పిడికెడు కలిపి తెచ్చేవాళ్ళు. ఇంటి వెనక ఎర్రమట్టి చెల్కలో ఆ జొన్న ఒక్కటే వేసేవాళ్ళం, మిగతా భూమిలో పత్తి. అత్తకు పళ్ళు పోయాక గటుకే ఆమె అన్నం. జొన్నల్ని రవ్వలా విసిరి మెత్తగా ఉడికిస్తే గటుక. ఒకసారి చెల్క పండక బజారు నుంచి తెల్లజొన్న తెచ్చి వండి పెట్టాను. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని గిన్నె పక్కకు జరిపింది.

"ఏందత్తా, ఉప్పు తక్కువైందా?"

"ఉప్పు సక్కగనే ఉన్నది బిడ్డా. గింజే మనది కాదు."

ఆ పూట మజ్జిగ తాగి పడుకుంది.

తెలంగాణ కొట్లాట ఊరూరా రాజుకున్న రోజులవి. చౌరస్తాకో టెంటు, టెంటుకో మైకు. ఆ ఏడు మేం ఎప్పటిలాగే తొలి ఏరుడు పత్తిని దసరా దాటగానే జనగామ మార్కెట్‌కు తోలి అమ్ముకున్నాం. రెండో ఏరుడూ అమ్ముకున్నాం. ఆ తర్వాత ధర లేవడం మొదలైంది. పొద్దున ఒక ధర, సాయంత్రం ఒక ధర. మా పత్తి కొనే అడ్తి దుకాణం ఆయనను మా ఆయన అడిగాడు.

"సేటూ, ఎందుకు పెరుగుతున్నది?"

"పైనుంచి పెరుగుతున్నది."

"పైనంటే యాడ? వరంగల్లా?"

"ఇంకా పైన."

"బొంబాయా?"

"ఇంకా పైన తమ్మీ" అంటూ ఆయన వేలు పైకి చూపించాడు. దుకాణంలో ఉన్న అందరూ తల ఎత్తి చూశారట. పైన ఫ్యాను తిరుగుతోంది. ఈ ముచ్చట ఇంటికొచ్చి చెప్పి మా ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు పళ్ళు కొరుక్కుంటాను.

ధర శివరాత్రి దాకా ఎక్కుతూనే పోయింది. మా పక్కింటి పెద్దాయన బద్ధకస్తుడు. బండి కట్టడానికి ఒళ్ళు బరువై పత్తి ఇంట్లోనే పడేసి ఉంచాడు. అట్లా పడి ఉన్న పత్తికి మాకు వచ్చినదానికి దాదాపు రెట్టింపు వచ్చింది. కొత్త మోటారు సైకిలు కొని దాన్ని తెచ్చి మా వాకిట్లోనే ఆపేవాడు.

"ఏం తమ్మీ, నీకు గంత తొందరేముండె? పత్తి ఏమన్న పాలా, ఇరిగిపోయేతందుకు?"

ఆ మాట చేతికి గుచ్చుకున్న పత్తికాయ ముల్లులాగ మా ఆయనలో ఉండిపోయింది. కష్టపడి వేళకు అమ్ముకున్నవాడు తెలివితక్కువవాడయ్యాడు, మంచం దిగనివాడు తెలివైనవాడయ్యాడు. ఊరంతా ఆ ఏడు నేర్చుకున్న చదువు అదే. ఆ చదువు మాకు చెప్పింది ఎవరు? మా ముందుకు వచ్చి ఎవరూ చెప్పలేదు. ధర చెప్పింది. ధర ఎందుకు అట్లా మాట్లాడుతోందో మాత్రం ఎవరూ చెప్పలేదు.

మరుసటి వానాకాలం తొలకరికి ముందు మా ఆయన అత్త మంచం దగ్గర కూర్చున్నాడు.

"అవ్వా, ఈ ఒక్క ఏడు చెల్కల గూడ పత్తే పెడుదమా?"

"మరి జొన్న?"

"కొనుక్కుందం. ఇత్తనం యాడికి పోతది, పొయ్యి మీద ఉండనే ఉండె. వచ్చే ఏడు పెట్టుకుందం."

అత్త చాలాసేపు దూలం వైపే చూసింది. "ఒక్క ఏడు ఆగుమంటె ఆగుతది" అంది. "గని పొగ తప్పనియ్యకుండ్రి."

ఆమె పెట్టిన షరతు అదొక్కటే. ఇంటి గోడ దాకా పత్తి పెట్టాం. మేమే కాదు, ఊరు మొత్తం పెట్టింది. కందులు పోయాయి, పెసర్లు పోయాయి, గట్టు మీద బబ్బెర తీగ పోయింది. బజారుకు పోయి పప్పు కొనబోతే దాని ధర కూడా పైనుంచే పెరుగుతోందట.

ఆ దసరాకు తెలంగాణ అంతా సమ్మె. బస్సు తిరగలేదు, బడి తెరవలేదు, ఆఫీసులు మూతపడ్డాయి, భూపాలపల్లిలో మా ఆడబిడ్డ పెనిమిటి దిగే బొగ్గుబాయి కూడా ఆగింది. మేం ఆడవాళ్ళం బోనాలెత్తినట్టే బిందెలు నెత్తిన పెట్టుకుని రోడ్డెక్కాం. పత్తి మాత్రం సమ్మె చేయలేదు, పగిలింది. ఏరడానికి మహబూబాబాద్ వైపు తండా నుంచి ఏటా వచ్చే ఆడవాళ్ళు ఎడ్లబండ్లు పట్టుకుని, నడిచి, ఎట్లాగో వచ్చారు. వాళ్ళ పెద్ద దిక్కుగా ఒక లంబాడా ఆమె ఉండేది. మా అత్తను వాళ్ళ భాషలో "యాడీ" అని పిలిచేది, అంటే అమ్మ. అంతకు ముందో ఏడు ఆమె మా జొన్న విత్తనం దోసెడు కొంగులో కట్టుకుపోయింది కూడా.

ఏరిన పత్తి ఇంటికొచ్చింది. మార్కెట్‌లో చూస్తే ధర కిందికి పడి ఉంది. పోయినేటి ధర గుర్తున్నవాడికి ఆ ధర వినాలంటేనే సిగ్గు.

"ఇప్పుడమ్మేది లేదు" అన్నాడు మా ఆయన. "పోయినేడు ఆగినోడే బాగుపడ్డడు. ఆగుతె పెరుగుతది."

ముందు గది నిండింది. తర్వాత పడుకునే గది నిండింది. మేం పత్తి మీదే పడుకున్నాం. మెత్తగా ఉంటుందని మీరు అనుకుంటారు. ఒళ్ళంతా దురద, దగ్గు, చెవుల్లో ఎర్ర పురుగులు. పక్కింటి పిల్లి వచ్చి మూలన పిల్లల్ని పెట్టింది, ఏ మూలనో వారం దాకా మాకు దొరకలేదు. చివరికి పత్తి వంటింట్లోకి వచ్చింది. పత్తి ఉన్నచోట నిప్పు ఉండకూడదు, అది మా దగ్గర చంటిపిల్లకు కూడా తెలుసు. ఒక్క రవ్వ ఎగిరితే ఇల్లు బూడిద. అందుకని పొయ్యిని పెకిలించి వాకిట్లో పెట్టాం. పొయ్యి ఉన్న జాగాలో పత్తి పోశాం.

"పొగో?" అని అడిగింది అత్త, మంచం మీది నుంచే.

"నాల్గొద్దులే అవ్వా" అన్నాడు మా ఆయన. "ధర లేవంగనె తోలేస్త."

కంకుల్ని కూడా బయటికి తీసుకుపోదామంటే బయట దూలం లేదు, మంచు, ఎలుకలు, చిలుకలు. ఉన్నచోటే ఉండనిచ్చాం. చలికాలం మొత్తం ఆ కంకులు చల్లని దూలానికి, పత్తి కుప్ప మీద, పొగ లేకుండా వేలాడాయి. అత్త రోజూ ఒకసారి లేచి వచ్చి గుమ్మం పట్టుకుని వాటిని చూసి పోయేది.

సమ్మె విరమించినా కొట్లాట ఆగలేదు. ఆ చలికాలంలోనే ఒకనాడు జనగామ దగ్గర పెద్దరోడ్డు మీద వంటావార్పు పెట్టారు. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పేర్చి, అక్కడే వండి, అక్కడే బంతి వేసి తినడం, లారీలు ఎక్కడివక్కడ ఆగిపోవడం. నేను పప్పు ఉడుకుతున్న పెద్ద గంజు దగ్గర గరిటె పట్టుకుని నిలబడ్డాను. ఇంట్లో చూస్తే పొయ్యి వాకిట్లో, ఇక్కడ చూస్తే పొయ్యి రోడ్డు మీద. కప్పు కింద వండుకునే రాత నాకు ఆ ఏడు లేదు.

బంతిలో కూర్చున్నవాళ్ళలో బ్యాంకులో పనిచేసే ఒక సారు ఉన్నాడు. మా ఊరి వాళ్ళకు పంట అప్పులు రాసేది ఆయనే, మంచివాడే. నా గరిటె చూసి నవ్వి, "అక్కా, పత్తి ఇంట్లనే పెట్టుకున్నరట ఊరంత?" అన్నాడు.

"పెట్టుకోక ఏం జేస్తం సారూ. నువ్వే చెప్పరాదు, లేస్తదా, లేవదా?"

"నేను చెప్తె నమ్ముతవా? లేవదనిపిస్తది."

"మరి పోయినేడు ఎందుకు లేసింది? అడ్తాయన ఫ్యాను దిక్కు చూపిస్తున్నడు."

పక్కన కూర్చున్నవాళ్ళు నవ్వారు. సారు నవ్వలేదు. విస్తరి ముందు పెట్టుకుని చెప్పడం మొదలుపెట్టాడు. నాకు ఒకసారి విన్న మాట పోదు, ఆయన చెప్పింది చెప్పినట్టే చెప్తాను.

"అమెరికాల పెద్దపెద్ద బ్యాంకులు ఇండ్ల మీద ఎనకముందు సూడకుంట అప్పులిచ్చి మునిగినయి. మన నోటు మీద సంతకం చేసే బ్యాంకు ఉంటది సూడు, బ్యాంకులకు బ్యాంకు, గసొంటిది వాళ్ళకూ ఒకటుంటది. ముందుగాల అది వడ్డీ తగ్గించింది. తగ్గించి తగ్గించి దాదాపు సున్నా కాడికి తెచ్చింది. అయినా ఎవ్వడూ అప్పు తీసుకొని పని పెడుతలేడు. ఇగ తగ్గించుదామంటె జాగ లేదు. అప్పుడు కొత్త పైసలు పుట్టించింది."

"అచ్చు కొట్టిందా?"

"అచ్చు గూడ లేదక్కా. కంప్యూటర్ల అంకెలు ఎక్కించుడే. ఆ అంకెలు ఇచ్చి, బ్యాంకుల తాన, పెద్ద పెద్ద కంపెనీల తాన ఉన్న సర్కారు బాండ్లు కొన్నది. బాండంటె సర్కారు తీసుకున్న అప్పుకు కాయిదం. కాయిదాలు దీని తానకొచ్చినయి, పైసలు వాళ్ళ తానకు పోయినయి."

"పోతె?"

"ఆ పైసలు ఊకె పెట్టుకుంటె వడ్డీ రాదు. మళ్ళ బాండ్లు కొందామంటె అవి ధరెక్కి పిరమైనయి, వాటి మీద మిగిలేది తగ్గింది. అప్పుల వడ్డీ తగ్గాలె, జనం ఇండ్లు కట్టాలె, ఫ్యాక్టరీలు పెట్టాలె అని ఆ బ్యాంకు అనుకున్నది. కొంత గట్లనే అయింది. గని పైసకు కండ్లుండయి గద. యాడ పెరుగుతదనిపిస్తె గాడికి ఉరుకుతది. షేర్లకు ఉరికింది. బంగారానికి, నూనెకు, మక్కజొన్నకు, పత్తికి ఉరికింది."

"పత్తితోని వాళ్ళకేం పని? బట్టలు నేస్తరా?"

"పత్తిని కండ్లతోటి గూడ చూడరు. ఫలానా నెలల ఫలానా ధరకు కొంటమని కాయిదం రాసుకుంటరు. ధర పెరిగినంక ఆ కాయిదాన్నే ఇంకొకనికి అమ్ముతరు."

పత్తికాయ పగిలిన డిప్ప అంచు ఎట్లా ఉంటుందో ఏరినవాళ్ళకు తెలుసు. గోరు పక్కన చర్మం చీరి, అందులో పురుగుమందు చేరి మండుతుంది. సీజనంతా మా ఆడవాళ్ళ వేళ్ళు కారం కలపడానికి పనికిరావు. ఆ పత్తినే, ఒక్క దూది పింజ కూడా ముట్టకుండా, ఎవరో కొన్నారు, ఎవరో అమ్మారు, ఎవరో బాగుపడ్డారు.

సారు న్యాయంగానే మాట్లాడాడు. "గదొక్కటే కారణమని నేనన. ఒక దేశంల వరదలొచ్చి పంట కొట్టుకపోయింది. మిల్లుల తాన సరుకు అడుగంటింది. మన సర్కారు గూడ ఎగుమతుల గేటు ఒకసారి మూసె, ఒకసారి తెరిచె. గని ఈ పైసల వరద గూడ దాంట్ల కలిసింది. ఎంత కలిసిందంటె కొలిచి చెప్పేటోడు లేడు."

"మరి ఇప్పుడెందుకు పడ్డది?"

"ధర గంత ఎక్కేసరికి మిల్లులు పాలిస్టర్ దారం కలుపుడు షురూ చేసినయి. ప్రపంచంల ఉన్న రైతులందరు మీ లెక్కనే చెల్క గూడ ఇడువకుంట పత్తి పెట్టిండ్రు. ఆ బ్యాంకు గూడ ఆ విడత కొనుడు ఆపింది. పైసలు ఎట్లొచ్చినయో గట్లనే ఎల్లిపోయినయి."

ఇంతలో నా పక్కన అన్నం వడ్డిస్తున్న ముసలమ్మ కేక వేసింది. "ముచ్చట్లు తర్వాత చెప్పుదువు గని, గంజుల నీళ్ళు పొయ్యి. ఇంకో బంతి కూసున్నది."

నేను చెంబుతో నీళ్ళు పోశాను. సారు వేలు చూపించాడు. "గిదే అక్కా. నీళ్ళు పోస్తే గంజు నిండుతది, పప్పు పెరుగది. పైసలు పుట్టిస్తే గిట్లనే పలుచనైతయి."

"నీళ్ళు పోసినంక అందరికి ఒకటే పప్పయితె నాకేం లొల్లి లేదు సారూ" అన్నాను. "ముందు బంతిల నువ్వు గట్టి పప్పు తిన్నవు. నీ విస్తరిల వడ్డించినంక నీళ్ళు పోసిన. ఎనక బంతోళ్ళకు నీళ్ళు. వాళ్ళు గూడ గట్లనే చేసిండ్రు. ఆ పైస ముందుగాల ఎవల చేతిలకు పోయిందో వాళ్ళు పాత ధరకు అన్నీ కొనుక్కున్నరు. మా దాక వచ్చేసరికి పప్పు పిరం, నూనె పిరం, పత్తి అగ్గువ."

ముసలమ్మ నన్ను మోచేత్తో పొడిచింది. "సారును తిననియ్యవా?"

"తింటున్న అవ్వా" అన్నాడు ఆయన. మళ్ళీ నా వైపు తిరిగి, "వాళ్ళు గట్ల చెయ్యకపోతె లోకమంత పనులు బందయ్యి ఇంకా ఆగమయ్యేటిదంటరు. అది గూడ అబద్ధం కాదక్కా" అన్నాడు.

"వాళ్ళ పనులు నిలవడేతందుకు నా పొయ్యి బయటికి రావాల్నా?"

రోడ్డు మీది పొయ్యి సంగతి అంటున్నానని ఆయన అనుకున్నట్టున్నాడు, నవ్వాడు. నేను విప్పి చెప్పలేదు. చెప్తే ఏడుపొస్తుందని భయం. మైకులో ఎవరో మన నిధులు మనకే అంటున్నారు. చప్పట్లు కొడుతున్నారు. ఏళ్ళుగా నేనూ కొట్టాను. ఆ రోజు మాత్రం చేతిలో గరిటె ఉంది.

"సారూ, రాష్ట్రం వస్తే పత్తి ధర మన చేతులకొస్తదా?"

"గది వేరే అక్కా. గది రాదు."

"మరి దానికి టెంటు యాడ ఎయ్యాలె?"

ఆయన విస్తరి ముందుకు జరిపి, "జరంత పప్పు ఎయ్యి" అన్నాడు. వేశాను, పలచటిదే.

ధర లేవలేదు. ఉగాది దాటాక, ఎండకు పత్తి వన్నె తగ్గి, ఎర్ర పురుగుల మరకలు పడి, ఇక ఆపితే ఆ పడిపోయిన ధరకు కూడా ఎవరూ కొనరని తెలిశాక మా ఆయన బండి కట్టాడు. మార్కెట్‌లో గుప్పెడు తీసి చూసినవాడు, "ఇంట్ల పండవెట్టుకున్నరా దీన్ని?" అని అడిగాడట. అవును, పండబెట్టుకున్నాం. మేం దాని మీద పడుకున్నాం. పక్కింటి పెద్దాయన పత్తి కూడా ఇంట్లోనే ఎర్రబడింది, ఆయన మా వాకిట్లో మోటారు సైకిలు ఆపడం మానేశాడు.

పొయ్యి మళ్ళీ లోపలికి వచ్చింది. నేల అలికి, పొయ్యి పాతి, ముట్టించాం. అత్త దగ్గర కూర్చుని పొగ దూలానికి తగిలేదాకా చూసింది. తొలకరి పడింది. "ఇగ దించుండ్రి" అంది.

మా ఆయన పీట వేసుకుని ఎక్కి మొదటి కట్ట విప్పాడు. కంకి చేతిలోకి రాగానే బూడిదలాంటి పిండి జలజలా రాలింది. గింజ గింజకూ రంధ్రం. ముక్కపురుగులు ఆయన మోచేతి దాకా పాకాయి. రెండో కట్ట, మూడో కట్ట, అన్నీ అంతే. అత్త కొంగు పరిచి పట్టుకుంది. కొంగులో పడ్డదంతా పొట్టు. దాన్ని చేత్తో కెలికి కెలికి చూసి, కొంగు దులిపి, లేచి పోయి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది.

తిట్టినా బాగుండేది. "నాల్గొద్దులన్నవు గదరా" అని ఒక్కసారైనా కొడుకును అనలేదు. ఆ రోజు నుంచి ఏం వండి పెట్టినా రెండు ముద్దలే. "ఆకలైతలేదు బిడ్డా" అనేది. ఆమెకు కావలసింది గటుక అని నాకు తెలుసు. ఆ గటుక ఇక లోకంలో ఎక్కడా లేకుండా పోయిందన్నది ఆమెకు గొంతు దిగడం లేదు.

నేను రైలెక్కి మహబూబాబాద్‌లో దిగి, ఆటో పట్టుకుని తండాకు పోయాను. దోసెడు తీసుకుపోయిన లంబాడా ఆమె ఇంటి ముందు గడప దాకా పత్తి మొలకలు. నన్ను చూడగానే ఆమెకు అర్థమైంది.

"ఇత్తనం కోసం వచ్చినవా అక్కా?"

"నీ తాన ఉన్నదేమో అని."

"మొన్నటేడు వేసిన, మస్తు పండింది. పోయినేడు మా వాడు చెల్కంత పత్తే అన్నడు. ఇత్తనాలు మూటల ఉండె. పప్పు కొనలేక ఎండకాలం గవే వండుకున్నం." ఖాళీ కొంగు విప్పి చూపించింది. "మా యాడీకి ఏ మొకం పెట్టుకొని చెప్పాలె? మీ ఊరికి గూడ పైనుంచే వచ్చిందా ఈ రోగం?"

"ఒక్కతాన్నుంచే వచ్చింది చెల్లె. అందరిండ్లకు వచ్చింది."

ఆమె వాళ్ళ భాషలో ఎవరినో గట్టిగా తిట్టింది. ఎవరిని తిట్టిందో నాకు అర్థం కాలేదు. ఎంత తిట్టిందో మాత్రం అర్థమైంది, మనసు కాస్త తేలికపడింది. అన్నం పెట్టి, మజ్జిగ పోసి, రైలుకు పంపింది.

ఇంటికొచ్చి భూపాలపల్లిలో ఉన్న మా ఆడబిడ్డకు ఫోన్ చేశాను, తల్లి తినడం లేదు, వచ్చి చూసి పొమ్మని. సంగతంతా విని ఆ పిల్ల అడిగింది.

"వదినె, పచ్చజొన్ననేనా?"

"పచ్చజొన్ననే."

"మొన్నటేడు కోతలప్పుడు వచ్చినప్పుడు కంకుల గుత్తి ఒకటి నేను తీస్కపోయిన గద. పిచ్చుకలకు కడ్దామని. గది ఇంకా ఉన్నది."

మరునాడు బస్సెక్కాను. బొగ్గుబాయి కాలనీలో వాళ్ళ ఇల్లు. అక్కడ ఇంటింటా బొగ్గు పొయ్యిలే, కార్మికులకు కాల్చుకోవడానికి బొగ్గు ఇస్తారు. పొయ్యి ఇంటి ముందు రేకుల సాయబానులో ఉంది, దాని మీద చూరుకు ఆ గుత్తి వేలాడుతోంది. నల్లగా, మసి కట్టి, కంకి అని చెప్తే తప్ప తెలియదు.

"పిచ్చుకలు తినలేదా పిల్లా?"

"పిచ్చుకలు యాడియి వదినె. ఈ పొగకు కాకి గూడ వస్తలేదు."

ఒక గింజ తెంపి కొంగుతో తుడిచాను. మసి వదిలి పసుపుపచ్చగా బయటపడింది. పంటి కింద పెడితే గట్టిగా ఉంది. అందరికీ కనపడేట్టు ఏడవడం నాకు అలవాటు లేదు, ఆ రోజు ఏడ్చాను. సంతోషమని ఆ పిల్ల అనుకుంది. నాకు మాత్రం కోపం. అత్త అత్తల నాటి విత్తనం బతికింది మా తెలివితో కాదు. ఒక పిల్ల సరదాతో, ఆ ఊరి బొగ్గు పొగతో బతికింది. ఇంత సన్నటి దారం మీద మమ్మల్ని వేలాడదీసినవాళ్ళకు ఆ సంగతి ఏ నాటికీ తెలియదు.

అత్త ఆ గింజల్ని తడిగుడ్డలో కట్టి పక్కలో పెట్టుకుంది. అన్నీ మొలకెత్తలేదు, మొలిచినవి చాలు అంది. ఇంటి వెనక చెల్కలో ఒక మూల ఆమే కూర్చుని, జరుగుతూ జరుగుతూ, ఒక్కో గింజ నాటింది. కోతకు ముందు లేవలేకపోయినా నా భుజం పట్టుకుని చేలోకి వచ్చి విత్తనాల కంకులు ఏరింది. పండింది కొంచెమే, విత్తనం పోను ఆమెకు కొన్నాళ్ళ గటుక మిగిలింది. మొదటి రోజు గిన్నె ఖాళీ చేసి నాకు తిరిగిచ్చింది.

కంకులు దూలానికి కట్టిన వారంలోనే పత్తి తొలి ఏరుడు వచ్చింది. మా ఆయన జనగామ పోయి వచ్చాడు. మొహంలో నాకు తెలిసిన వెలుగు ఒకటి ఉంది.

"అడ్తాయన చెప్తున్నడు. అమెరికావోళ్ళు మళ్ళ షురూ చేసిండ్రట. బాండ్లు కొనుడు. ఈసారి ఇడువకుంట కొంటరట. ధర లేస్తదేమో, కొన్నొద్దులు ఆపుదమా?"

నేను పొయ్యి ముందు ఉన్నాను. కట్టెలు కొంచెం పచ్చివి, పొగ బాగా లేస్తోంది.

"ఆపుకో. వాకిట్ల ఆపుకో."

"వాన పడితే?"

"తడవనీ. ఈ పొయ్యి జరుగది."

ఆయన పత్తి మూట భుజం మీద పెట్టుకుని గడప దాకా వచ్చి నిలబడ్డాడు. పొగకు కళ్ళలో నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. నేను ఇంకో కట్టె లోపలికి తోశాను.

పొగలో చూపు ఆనక అత్త మంచం మీది నుంచి అడిగింది. "గడపల ఎవరు బిడ్డా?"

"పత్తి వచ్చిందత్తా."

"బయట కూసోమను" అంది అత్త.